పాఠం చెప్పబోతే పునాది దొరికింది

ఇంటర్ రెండేళ్లూ కలన గణితాన్ని అలవోకగా నడిపించిన పిల్లలు డిగ్రీలో రియల్ అనాలిసిస్ తరగతికి రాగానే ఒకచోట ఠక్కున ఆగిపోతారు. అప్పటిదాకా ఏ ప్రమేయం ఇచ్చినా అవకలనం చేసి చేతిలో పెట్టినవాళ్లే. ప్రవేశ పరీక్ష కోసం ఒక్కో లెక్కనూ నిమిషంలో తేల్చినవాళ్లే. మాస్టారు బోర్డు వైపు తిరిగి ‘ఎప్సిలాన్ సున్నా కన్నా పెద్దది అనుకుందాం’ అని మొదలుపెట్టగానే పెన్నులు ఆగుతాయి. లెక్క చెయ్యడం వచ్చాక మళ్లీ ఈ తతంగమంతా ఎందుకు?

ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు నాకూ ఇదే అనుమానం వచ్చింది. పాఠ్యపుస్తకంలో దానికి జవాబు లేదు. చాలా ఏళ్ల తర్వాత గణిత చరిత్ర చదువుతుంటే తెలిసింది: ఆ ఎప్సిలాన్‌ను అక్కడికి తెచ్చి పెట్టినవాళ్లు మాస్టార్లే. మొదటి ఏడాది పిల్లల ముందు నిలబడి, తాము చెప్పబోయే మాట తమకే గట్టిగా తెలియదని గ్రహించిన మాస్టార్లు.

పుస్తకాల్లో పునాది ముందు వస్తుంది, లెక్కలు తర్వాత వస్తాయి. చరిత్ర నడిచింది దీనికి తలకిందులుగా. ఇల్లు కట్టి, గృహప్రవేశం చేసి, నూట యాభై ఏళ్లు కాపురం చేశాక అప్పుడు పునాది తవ్వారు. ఆ నూట యాభై ఏళ్లూ ఇల్లు కూలకపోవడం ఒక అద్భుతమైతే, చాలామందికి కింద చూడాలని తోచకపోవడం ఇంకో అద్భుతం.

న్యూటన్ 1665, 1666 సంవత్సరాల్లో కనిపెట్టిన పద్ధతి ఏమిటో ఒక చదరపు మడి మీద చూద్దాం. మడి పక్కలను వెంట్రుకవాసి పెంచామనుకోండి. కొత్తగా ఎంత నేల కలుస్తుంది? రెండు పక్కల రెండు సన్నటి పట్టీలు, మూలన వెంట్రుకవాసి పొడవూ వెడల్పూ ఉన్న చిన్న చదరం. పెరిగిన నేలను ఆ వెంట్రుకవాసితో భాగిస్తే పక్కకు రెట్టింపు వస్తుంది, దానికి వెంట్రుకవాసి కలిసి ఉంటుంది. ఆ చివరి వెంట్రుకవాసి ఎంతో చిన్నది గనక వదిలేద్దాం అంటాడు న్యూటన్. మిగిలేది పక్కకు సరిగ్గా రెట్టింపు. ఇంటర్ పిల్లలు కళ్లు మూసుకుని చెప్పే జవాబు ఇదే.

ఇందులో ఒక కిటుకు దాగి ఉంది. భాగించేటప్పుడు ఆ వెంట్రుకవాసి సున్నా కాదు, ఎందుకంటే సున్నాతో భాగించకూడదు. వదిలేసేటప్పుడు మాత్రం అది సున్నా. ఒకే వస్తువు ఒక పంక్తిలో ఉండి, కింది పంక్తిలో లేకుండా ఎలా పోతుంది? ఐర్లండ్‌కు చెందిన మతాచార్యుడు జార్జ్ బర్క్లీ 1734లో ‘ది అనలిస్ట్’ అనే చిన్న పుస్తకం రాసి సరిగ్గా ఇదే అడిగాడు. మత విశ్వాసాలకు రుజువులు కావాలని నిలదీసే గణితజ్ఞులు, తమ శాస్త్రంలో ఇంత గుడ్డి నమ్మకాన్ని ఎలా సహిస్తున్నారన్నది ఆయన వాదం. ఆయన ఉద్దేశాలు ఏమైనా, అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనది. దానికి సరైన జవాబు రావడానికి ఇంకో ఎనభై, తొంభై ఏళ్లు పట్టింది.

అంత ఆలస్యం ఎందుకైందంటే, జవాబులు సరిగ్గానే వస్తున్నాయి. 1758 చివర్లో హేలీ తోకచుక్క తిరిగి వస్తుందనగా క్లెరో, లలాండ్, నికోల్ రేన్ లెపోట్ అనే ముగ్గురు నెలల తరబడి కూర్చుని గురుడు, శని దాన్ని ఎంత లాగుతాయో లెక్కగట్టారు. 1759 ఏప్రిల్ నడిమిలో సూర్యుడికి దగ్గరగా వస్తుందన్నారు, మార్చి 13న వచ్చింది. డెబ్బై ఆరేళ్ల ప్రయాణంలో నెల తేడా! ఇంత పని చేసి పెట్టే పద్ధతిని ఎవరు అనుమానిస్తారు? పైగా ఆనాటి గణితజ్ఞుల్లో పెద్దలు చాలామంది రాజుల కొలువుల్లో, అకాడమీల్లో ఉండేవారు. ఆయిలర్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, బెర్లిన్‌లో పనిచేశాడు. వాళ్లు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునేవారు. ఒక ఘనుడు ఇంకో ఘనుడికి రాసేటప్పుడు అఆలు ఎవరు వివరిస్తారు? 1784లో బెర్లిన్ అకాడమీ, గణితంలో అనంతం అంటే ఏమిటో స్పష్టంగా చెప్పినవారికి బహుమతి అని ప్రకటించింది. రెండేళ్లకు ఒకరికి ఇచ్చింది కూడా. సమస్య మాత్రం తీరలేదు.

అది తీరడం మొదలైంది ఫ్రెంచి విప్లవం తర్వాత. యుద్ధాలు జరుగుతున్నాయి. కోటలు, వంతెనలు, రోడ్లు కట్టే ఇంజనీర్లకు కరువొచ్చింది. 1794లో విప్లవ ప్రభుత్వం పారిస్‌లో ఒక బడి తెరిచింది. మరుసటి ఏడాది దానికి ‘ఎకోల్ పోలిటెక్నిక్’ అని పేరు మార్చారు. దేశం నలుమూలలా పోటీ పరీక్ష పెట్టి దాదాపు 400 మంది కుర్రాళ్లను ఎంచుకుని, ఫ్రాన్సులోని పెద్ద గణితజ్ఞులను వాళ్లకు పంతుళ్లుగా నియమించారు. మన ఐఐటీల ఊహకు ముత్తాత ఇదేనని నా అభిప్రాయం. లగ్రాంజ్, మోంజ్ వంటివాళ్లు సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల ముందు నిలబడ్డారు.

అకాడమీలో వెంట్రుకవాసిని వదిలెయ్యమంటే ఎవరూ మాట్లాడరు. పదిహేడేళ్ల కుర్రాడు ఊరుకోడు, ఎందుకు వదలాలి అంటాడు. లగ్రాంజ్ ఆ పాఠాలనే 1797లో పుస్తకంగా వేశాడు. అతి చిన్నవి, మాయమయ్యేవి ఏవీ లేకుండా కలన గణితం చెబుతానని పుస్తకం శీర్షికలోనే మాట ఇచ్చాడు. ప్రతి ప్రమేయాన్నీ ఘాత శ్రేణిగా విప్పి, ఆ శ్రేణిలోని గుణకాలనే అవకలనాలుగా తీసుకున్నాడు. చూడడానికి చక్కగా ఉంది. కానీ ప్రతి ప్రమేయమూ అలా విచ్చుకుంటుందని ఎవరు హామీ ఇచ్చారు?

ఆ హామీ చెల్లదని తేల్చినవాడు అదే బడిలో చదువుకున్న కుర్రాడు, ఓగుస్తాఁ లూయీ కోషీ. విప్లవం వచ్చిన 1789లోనే పుట్టాడు. 1805లో పోలిటెక్నిక్‌లో చేరాడు. 1810లో ఇంజనీరుగా షెర్బూర్ రేవు పనికి వెళ్లేటప్పుడు పెట్టెలో నాలుగు పుస్తకాలు పెట్టుకున్నాడట: లాప్లాస్ ఖగోళ యాంత్రిక శాస్త్రం, లగ్రాంజ్ పాఠాలు, వర్జిల్ కావ్యాలు, ఒక భక్తి గ్రంథం. తర్వాత పోలిటెక్నిక్‌కే ఆచార్యుడిగా తిరిగొచ్చాడు. ఇంజనీరింగ్ కుర్రాళ్లకు విశ్లేషణ గణితం చెప్పడం ఆయన పని. గణితజ్ఞులు లాప్లాస్, పువాసోఁల ప్రోత్సాహంతో ఆ పాఠాలను 1821లో ‘కూర్ దనలీజ్’ పేరుతో అచ్చు వేయించాడు. ఆ పేరుకు అర్థం విశ్లేషణ పాఠాలు, అంతే. ఆధునిక గణితానికి పునాది వేసిన పుస్తకాల్లో ఒకటి కాలేజీ నోట్సు పేరుతో వచ్చింది.

కోషీ చేసిన పనిని మేస్త్రి భాషలో చెప్పవచ్చు. మూడడుగుల చదరపు బండ కావాలి. వైశాల్యం 9 చదరపుటడుగులు రావాలి. ఇంటి యజమాని అంటాడు: ‘0.01 కన్నా ఎక్కువ తేడా రాకూడదు.’ మేస్త్రి లెక్క చూసుకుని, ‘పక్క కొలతలో 0.001కి మించి తప్పు రానివ్వనండి, మీరన్నది నిలబెడతాను’ అంటాడు. నిజమే, అప్పుడు వైశాల్యంలో తేడా దాదాపు 0.006 దాటదు. యజమాని ఇంకా బిగిస్తాడు: ‘0.0001.’ మేస్త్రి జంకడు: ‘అయితే పక్క కొలతను 0.00001లోపు పట్టుకుంటాను.’ యజమాని ఎంత చిన్న తేడా చెప్పినా మేస్త్రి దగ్గర దానికి జవాబు ఉంటే చాలు. యజమాని చెప్పే తేడా ఎప్సిలాన్. మేస్త్రి ఇచ్చే జవాబు డెల్టా. ఈ మొత్తం బేరంలో అనంతంగా చిన్నది ఏదైనా వచ్చిందా? రాలేదు. ఉన్నవన్నీ మామూలు సంఖ్యలే. వెంట్రుకవాసి సున్నానా కాదా అన్న పాత తగవుకు ఇక చోటే లేదు. ఎప్సిలాన్ అన్న అక్షరం ‘పొరపాటు’ అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాటకు మొదటి అక్షరం కావచ్చునని ఒక గణిత చరిత్రకారిణి ఊహ. ఆ ఊహ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇది పొరపాటును దాచకుండా, దాన్ని ఎంతలో పట్టి ఉంచగలమో అడిగే గణితం. కోషీ అవధిని, అంటే లిమిట్‌ను, నిర్వచించింది మాటల్లోనే అయినా, రుజువుల్లో ఈ రెండు అక్షరాలనూ వాడింది ఆయనే.

మరి తరగతిలో ఏమైంది? పిల్లలకు నచ్చలేదు. వంతెనలు కట్టబోయేవాళ్లకు ఈ సూక్ష్మాలు ఎందుకని సణుగుడు మొదలైంది. 1821లో ఒక రోజు పాఠం గంట దాటి సాగుతుంటే కొందరు ఈలలు వేశారు. అన్వయ గణితానికి సమయం చాలడం లేదని పాలకవర్గం కూడా ఆయనను హెచ్చరించింది. పాఠాలను అచ్చు వేసి ఇవ్వాలని అడిగితే 1823లో ఇంకో సంపుటం వేశాడు. 1830 విప్లవం తర్వాత కొత్త రాజుకు విధేయతా ప్రమాణం చెయ్యనని దేశం విడిచి వెళ్లిపోయాడు. ఎవరి కోసం ఆ కోర్సు తయారైందో వాళ్లు దాన్ని తోసిపుచ్చారు. అందుకున్నది నార్వే కుర్రాడు నీల్స్ హెన్రిక్ ఏబెల్. కోషీ పిచ్చివాడే అయినా గణితాన్ని ఎలా నడపాలో తెలిసినవాడని 1826లో పారిస్ నుంచి తన గురువుకు రాశాడు. అదే ఏడాది కోషీ పుస్తకంలోని ఒక సిద్ధాంతానికి మినహాయింపులున్నాయని సైను శ్రేణి ఒకటి రాసి చూపించాడు కూడా. కూడే ప్రతి ప్రమేయమూ అవిచ్ఛిన్నమే, మొత్తం మాత్రం తెగిపోతోంది. మేస్త్రి ఇచ్చే డెల్టా ఒక్కో చోట ఒక్కోలా ఉంటే చాలదని, కొన్ని సందర్భాల్లో అన్ని చోట్లకూ ఒకటే కావాలని తెలియడానికి ఈ పొరపాటు దారి తీసింది.

నిజానికి కోషీ కన్నా ముందే, ప్రాగ్‌లో బోల్జానో అనే పంతులు 1817లోనే ఇలాంటి స్పష్టతతో రాశాడు. కానీ అప్పట్లో చదివినవాళ్లు తక్కువ. రెండేళ్లకు ఆయన ఉద్యోగమూ పోయింది.

ఇక ఈ కథలో నన్ను ఎక్కువగా కదిలించే ఘట్టానికి వస్తాను. 1858, జూరిక్. అక్కడి పాలిటెక్నిక్ తెరిచి మూడేళ్లయింది. తర్వాత ఐన్‌స్టయిన్ చదివింది కూడా ఆ బడిలోనే. అక్కడికి కొత్తగా వచ్చిన ఆచార్యుడు రిచర్డ్ డెడెకిండ్, వయసు 27. గణితజ్ఞుడు గాస్ దగ్గర చివరిగా డాక్టరేటు చేసినవాడు. ఆ శరదృతువులో మొదటిసారి అవకలన గణితం చెప్పాల్సి వచ్చింది. పాఠం తయారు చేసుకుంటూ ఒక చోట ఆగిపోయాడు.

ఆగింది ఎక్కడంటే: 1, 1.4, 1.41, 1.414, 1.4142 ఇలా పెరుగుతూ పోయే సంఖ్యలున్నాయి. ఎంత పెరిగినా 1.5ని దాటవు. పెరుగుతూ, హద్దు దాటనిది ఎక్కడో ఒకచోట కుదురుకోవాలి కదా? బోర్డు మీద గీత గీసి, చుక్కలు పెట్టి చూపిస్తే తరగతి మొత్తం తలూపుతుంది. డెడెకిండ్ కూడా అలాగే చూపించాడు. తొలి పాఠాలకు బొమ్మ మంచి సాధనమేనని, అది లేకపోతే సమయం చాలదని తర్వాత ఆయనే రాసుకున్నాడు. కానీ బొమ్మ రుజువు కాదు. ఆ చుక్క అక్కడ ఉందని గీత చెబుతోంది. అంకెలు చెబుతున్నాయా? ఈ అసంతృప్తి భరించలేక, అంకెలతోనే దీన్ని నిలబెట్టేదాకా ఆలోచన మాననని గట్టిగా అనుకున్నాడు. 1858 నవంబరు 24న దారి దొరికింది. తేదీతో సహా ఆయన దాచుకున్నాడు.

ఆ దారి ఎంత సాదాగా ఉంటుందో చూడండి. మనకు తెలిసిన భిన్నాలన్నిటినీ రెండు కుప్పలు చేద్దాం. వర్గం 2 కన్నా తక్కువయ్యేవీ, రుణ సంఖ్యలూ, సున్నా ఎడమ కుప్పలోకి. వర్గం 2 కన్నా ఎక్కువయ్యే ధన సంఖ్యలు కుడి కుప్పలోకి. 7/5ను వర్గం చేస్తే 49/25, అంటే 1.96. అది ఎడమకు పోతుంది. 17/12ను వర్గం చేస్తే 289/144, రెండుకు 1/144 ఎక్కువ. అది కుడికి. 41/29 ఎడమకు, 99/70 కుడికి. ఏ భిన్నం తెచ్చినా ఏదో ఒక కుప్పలో పడి తీరుతుంది. ఇప్పుడు ఎడమ కుప్పలో అన్నిటికన్నా పెద్దది ఏది? లేదు. ఏది చూపించినా అంతకన్నా పెద్దది అక్కడే ఇంకొకటి ఉంటుంది. కుడి కుప్పలో అన్నిటికన్నా చిన్నది? అదీ లేదు. భిన్నాల వరుసను కత్తితో కోశాం, కత్తి ఏ భిన్నానికీ తగలకుండా కిందికి దిగిపోయింది. అక్కడ ఒక ఖాళీ ఉంది.

డెడెకిండ్ ఆ ఖాళీని చూసి ఏమన్నాడంటే, ఆ కోతే సంఖ్య. ఇలాంటి ప్రతి కోతకూ ఒక కొత్త సంఖ్యను సృష్టిద్దాం. ఈ కోతకు పేరు 2 వర్గమూలం. ఇక వరుసలో ఎక్కడా ఖాళీ మిగలదు. 1.4, 1.41, 1.414 పోయి కుదురుకునే చోటు ఖాయంగా ఉంటుంది, బొమ్మ సాక్ష్యం అక్కర్లేదు. 2 వర్గమూలాన్ని 3 వర్గమూలంతో గుణిస్తే 6 వర్గమూలం వస్తుందని బళ్లో అందరం వల్లె వేస్తాం. తనకు తెలిసినంతలో అప్పటిదాకా దాన్ని ఎవరూ నిజంగా రుజువు చెయ్యలేదని డెడెకిండ్ రాశాడు. ఈ కోతలతో అది కుదురుతుంది.

ఇక్కడ మన శుల్బసూత్రాలను తలుచుకోకుండా ఉండలేను. యజ్ఞవేదికలు కొలవడానికి బౌధాయనాదులు ఇచ్చిన 2 వర్గమూలం విలువను ఒకే భిన్నంగా రాస్తే 577/408 వస్తుంది. కాగితం తీసుకుని చూడండి. 577 వర్గం 332929. 408 వర్గానికి రెట్టింపు 332928. తేడా ఒక్కటంటే ఒక్కటి. తాళ్లతో వేదికలు కొలిచినవాళ్లు ఆ ఖాళీకి ఇంత దగ్గరగా వెళ్లారు. ఆ విలువను ‘సవిశేషం’ అన్నారు. ఇంకా కాస్త తేడా మిగిలే ఉందని వాళ్లకు తెలుసన్నది చాలామంది పండితుల అభిప్రాయం. డెడెకిండ్ కుప్పల్లో 577/408 కుడివైపు పడుతుంది, గట్టుకు ఆనుకుని.

దొరికినదాన్ని డెడెకిండ్ కొద్ది రోజులకు తోటి పంతులు డ్యురేజ్‌కు చెప్పాడు. అచ్చు మాత్రం వెయ్యలేదు. పద్నాలుగేళ్లు ఊరుకున్నాడు. 1872లో తండ్రి ఉద్యోగ జీవితపు వేడుకకు ఏదైనా సమర్పించాలనుకున్నప్పుడు, అదే సమయంలో గణితజ్ఞులు హైనె, కాంటర్ ఇదే విషయం మీద రాసిన వ్యాసాలు కళ్లబడినప్పుడు, ఆ చిన్న పుస్తకం బయటికొచ్చింది. పేరు ‘అవిచ్ఛిన్నత, కరణీయ సంఖ్యలు’. ముందుమాట మొదలయ్యేదే జూరిక్ తరగతితో.

అదే 1872లో బెర్లిన్‌లో కార్ల్ వయర్‌స్ట్రాస్ ఇంకో బాంబు పేల్చాడు. ఎక్కడా తెగని, అయినా ఏ బిందువు దగ్గరా స్పర్శరేఖ గియ్యడానికి వీల్లేని వక్రాన్ని అకాడమీ ముందు పెట్టాడు. బొమ్మను నమ్ముకున్నవాళ్ల కాళ్ల కింద నేల కదిలింది. ఈయనది పద్నాలుగేళ్లు హైస్కూలు మాస్టరుగా గడిపిన జీవితం. లెక్కలతో పాటు చేతిరాత, కసరత్తు కూడా నేర్పాడు. నలభయ్యో ఏడు దాటాక విశ్వవిద్యాలయానికి వచ్చాడు. 1861 చివర్లో ఆరోగ్యం దెబ్బతిన్నాక బోర్డు దగ్గర నిలబడలేకపోయాడు. కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఒక విద్యార్థి బోర్డు మీద రాసేవాడు. ఈ రోజు మన తరగతుల్లో వినబడే ఎప్సిలాన్, డెల్టా భాష ఆ కుర్చీలోంచి వచ్చింది. పుస్తకం వెయ్యడం మీద ఆయనకు ధ్యాస లేదు. విద్యార్థులు రాసుకున్న నోట్సే చేతులు మారి యూరప్ అంతా పాకింది. ఆడవాళ్లను తరగతికి రానివ్వని రోజుల్లో రష్యా నుంచి వచ్చిన సోఫియా కొవలెవ్‌స్కయాకు నాలుగేళ్లు విడిగా పాఠం చెప్పింది కూడా ఈయనే.

భౌతికశాస్త్రం సంగతికి వస్తే, అక్కడ పాఠం మధ్యలోనే బయటపడ్డ సత్యం ఒకటుంది. 1820లో కోపెన్‌హాగన్‌లో ఓర్‌స్టెడ్ అనే ఆచార్యుడు పాఠం చెబుతూ తీగలోకి కరెంటు వదిలితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. విద్యుత్తు, అయస్కాంతం చుట్టాలని తేలింది అక్కడే. కానీ మొదటి ఏడాది కోర్సునే కొత్తగా కట్టిన కథ కావాలంటే కాలిఫోర్నియాకు వెళ్లాలి.

1950ల చివర్లో కాల్టెక్‌లో చేరే పిల్లలు సాపేక్షత, క్వాంటం అన్న మాటలు బళ్లోనే విని, కళ్లలో మెరుపుతో వచ్చేవారు. వచ్చాక రెండేళ్లపాటు వాలు బల్లలు, స్థిర విద్యుత్తు. ఆ మెరుపు ఆరిపోయేది. కోర్సు మార్చాలని అక్కడి ఆచార్యులు మాథ్యూ శాండ్స్, రాబర్ట్ లేటన్ పట్టుబట్టారు. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బిచ్చింది. ఎవరు చెప్పాలన్న దగ్గర శాండ్స్ వెళ్లి రిచర్డ్ ఫైన్‌మన్‌ను అడిగాడు. ఇంతకుముందు పెద్ద భౌతికశాస్త్రవేత్త ఎవరైనా మొదటి ఏడాది పిల్లలకు కోర్సు చెప్పారా అని ఫైన్‌మన్ ఎదురు అడిగాడట. లేదనుకుంటానని శాండ్స్ అనడంతో, అయితే నేను చెబుతానన్నాడు.

1961 సెప్టెంబరు నుంచి వారానికి రెండు పాఠాలు, పెద్ద హాల్లో దాదాపు 180 మంది పిల్లలు. మాటలను టేపు మీదకు ఎక్కించారు, బోర్డుకు ఫొటోలు తీశారు. టేపు విని రాసుకుంటే పుస్తకం అయిపోతుందనుకున్నారు గానీ, ఒక్కో పాఠాన్ని అచ్చుకు సిద్ధం చెయ్యడానికి భౌతికశాస్త్రం బాగా తెలిసిన మనిషికే 10 నుంచి 20 గంటలు పట్టింది. మూడు సంపుటాలు 1963 నుంచి 1965 దాకా వచ్చాయి. మొదటి పాఠం వాలు బల్లతో మొదలవదు. అణువులతో మొదలవుతుంది. ఒక నీటిబొట్టును ఊహలో పెంచుకుంటూ పోతాడు, అణువులు కనబడేదాకా. అక్కణ్ణుంచి ఆవిరి, మంచు, నిప్పు అన్నీ ఆ కదలికలోంచే తీసి చూపిస్తాడు. తర్వాతి పాఠాల్లో ప్రతి సూత్రం దగ్గరా ఇది వేరేదాన్నుంచి వచ్చిందా, లేక ఇంకా మనకు కారణం తెలియని మూలమా అన్నది తేల్చి చెబుతాడు. పిల్లలకు ఇంతకన్నా మర్యాద ఏ పంతులూ ఇవ్వలేడు.

పరీక్ష పేపర్లు దిద్దాక ఆయనకు నిరాశే మిగిలింది. పిల్లల కోణంలో చూస్తే తాను పెద్దగా విజయం సాధించలేదనుకుంటున్నానని ముందుమాటలోనే రాశాడు. దాదాపు అన్నీ అందుకున్నవాళ్లు ఒకటి, రెండు డజన్ల మంది ఉన్నారని తోటివాళ్లు చెప్పిన మాటే ఆయనకు ఊరట. మళ్లీ ఆ కోర్సు చెప్పలేదు. కోషీకి జరిగిందే ఇక్కడా జరిగింది. ఎదురుగా ఉన్న తరగతికి బరువైన పాఠం, ఎక్కడో దూరాన ఉన్నవాళ్లకు ప్రాణమైంది. ఆ ఎర్ర అట్టల పుస్తకాలు చూసి భౌతికశాస్త్రంలోకి వచ్చిన పంతుళ్లు మన కాలేజీల్లోనూ ఉన్నారు.

మరి మనవాళ్లు ఇలాంటి పాఠాలను సొంత భాషలో చెప్పుకోలేదా? చెప్పుకున్నారు. కేరళలో జ్యేష్ఠదేవుడు 16వ శతాబ్దంలో ‘యుక్తిభాష’ రాశాడు. అనంత శ్రేణులను ఉపపత్తులతో సహా మలయాళ వచనంలో విడమరిచాడు. శ్లోకాల్లో ఫలితం మాత్రమే చెప్పి ఊరుకునే కాలంలో అదొక సాహసం. మన దగ్గర 1968లో తెలుగు అకాడమీ వచ్చాక డిగ్రీ స్థాయి గణితం, భౌతికశాస్త్రం తెలుగు పుస్తకాలుగా వచ్చాయి. అవధి, అవిచ్ఛిన్నత, అభిసరణ అన్న మాటలు వేల మంది నోళ్లలో నలిగాయి. ‘అవధి’ అన్న మాట ఎంపిక నాకు బాగా నచ్చుతుంది. ఆనందానికి అవధుల్లేవు అని రోజూ అనే మాటే గణితంలోకి నడిచి వచ్చింది. పల్లెటూరి నుంచి వచ్చిన విద్యార్థి ఆ మాట దగ్గర బెదరడు. కానీ ఆ పుస్తకాల్లో చాలావాటిలో నిర్వచనం, సిద్ధాంతం, ఉపపత్తి వరుసగా ఉంటాయి. ఈ నిర్వచనం కోసం ఒక పంతులు జూరిక్‌లో పట్టుబట్టి ఆలోచించాడన్న ముక్క ఉండదు. అది లేకపోవడం వల్లే పిల్లలకు ఎప్సిలాన్ ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు అనిపిస్తుంది.

డెడెకిండ్ పుస్తకం చాలా చిన్నది. గట్టిగా కూర్చుంటే రెండు సాయంత్రాల్లో చదవొచ్చు. డిగ్రీ మొదటి ఏడాది గణితం తెలిస్తే చాలు. 1901లో వచ్చిన ఇంగ్లీషు అనువాదానికి కాపీహక్కుల గడువు ఎప్పుడో తీరింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫైన్‌మన్ మూడు సంపుటాలను కూడా కాల్టెక్ 2013 నుంచి ఎవరైనా చదువుకునేలా పెట్టింది. లెక్కల మాస్టార్లలో తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్లు ఎందరో నాకు తెలుసు. వాళ్లలో ఒకరైనా ఆ జర్మన్ పంతులు పుస్తకాన్ని మంచి వాడుక తెలుగులోకి తెచ్చి, రియల్ అనాలిసిస్ మొదటి రోజు తరగతిలో ఆ ముందుమాట చదివి వినిపించాలని వేడుకుంటున్నాను.